పేరు దొరక్కపోతే రోజు పట్టుకోండి

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా అమ్మమ్మకి ఎనభై తొమ్మిదేళ్ళు. ఆవిడ పెద్దన్నయ్య అప్పలస్వామి గారు విజయనగరం మహారాజా కాలేజీలో చదువుతూ 1942లో మానేసి విమానదళంలో చేరారట. "బాంబుల విమానంలో బర్మా మీదికెళ్ళి తిరిగి రాలేదు" అన్న మాట తప్ప ఇంట్లో ఎవరికీ ఇంకేం తెలీదు. ఒక ఫొటో ఉంది. అందులో చొక్కా జేబుపైన ఒకవైపే రెక్క ఉన్న బొమ్మ కనిపిస్తుంది, మధ్యలో అక్షరం మసకగా ఉంది. చైత్ర బహుళ ఏకాదశికి తద్దినం పెట్టేవారనీ, పోయింది తారణ సంవత్సరంలోననీ అమ్మమ్మ చెప్తుంది. యుద్ధ సమాధుల సంఘం వెబ్‌సైటులో పేరు కొడితే రాలేదు. ఇండియా గేటు మీదా, ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకంలోనూ లేదు. ఢిల్లీలో ఫైలు తీయిస్తానని ఒకాయన పాతికవేలు అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా? అమ్మమ్మ ఉండగానే ఆయన ఎక్కడ పోయారో తెలుసుకోవాలని ఉంది. (పేరు వేయవద్దు.)

సమాధానం: ఇవ్వకండి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం జాబితా చూడటానికి పైసా అక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తుకి పది రూపాయలు. లండన్ నుంచి కాగితం తెప్పించుకోవాల్సి వచ్చినా కొద్ది పౌండ్లతో పోతుంది. సర్వీసు నంబరూ, సరైన తేదీ లేకుండా ఢిల్లీలో ఎవరు అడిగినా "రికార్డు దొరకలేదు" అన్న జవాబు రావడానికే ఎక్కువ వీలుంది. ఆ రెండూ సంపాదించే పని ఢిల్లీలో కాదు, మీ ఇంట్లోనూ విజయనగరంలోనూ ఉంది.

ఇండియా గేటు గురించి బెంగపడకండి. దాని మీద చెక్కినవి మొదటి ప్రపంచ యుద్ధం, ఆ వెంటనే 1919లో జరిగిన అఫ్గాన్ యుద్ధం నాటి పేర్లు. 2019లో కట్టిన జాతీయ యుద్ధ స్మారకంలో ఉన్నవి స్వాతంత్ర్యం వచ్చాక పోయినవారివి. 1939-45 మధ్య పోయినవారు ఈ రెండింటికీ మధ్య సందులో పడిపోయారు. వాళ్ళ పేర్లు ఉండేది సమాధుల సంఘం జాబితాలోనే. 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా సర్వీసులో ఉండగా పోయినవారిని ఆ సంఘం లెక్కలోకి తీసుకుంటుంది. విమానదళం వారూ అందులోనే.

మరి పేరు కొడితే ఎందుకు రాలేదు? మనకి ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనక. ఫారం నింపిన గుమాస్తాకి చివర ఉన్న మాటే ఇంటిపేరు. కాబట్టి మీ ఇంటిపేరు జాబితాలో పొడి అక్షరంగా మిగిలిపోయి ఉండొచ్చు, అసలు లేకపోనూ వచ్చు. "అప్పల" ఒక మాట, "స్వామి" ఒక మాట అని విడగొట్టి రాసి ఉంటే ఆయన 'ఎస్' కింద, స్వామిగా ఉంటారు. "స్వామి" చివర ఒకరు 'ఐ' రాస్తారు, ఒకరు 'వై'. మద్రాసు వైపు గుమాస్తా అయితే 'డబ్ల్యు' ఎగరగొట్టి "సామి" అని రాసే అలవాటు, లేదా "సామి" మధ్యలో 'డబ్ల్యు' ఇరికించే అలవాటు ఉంది. అప్పలలో రెండు 'పీ'లు ఒకటి కావచ్చు. తండ్రి పేరే ఇంటిపేరు స్థానంలో చేరిన సందర్భాలూ ఉన్నాయి. అందుకని పూర్తి పేరు కొట్టకండి. మొదటి మూడు నాలుగు అక్షరాలు కొట్టి, కింద వచ్చినవన్నీ చదవండి. మన వైపు పేర్లలో సింహాచలం, సన్యాసి, పైడితల్లి, సూర్యనారాయణ లాంటివన్నీ ఇలాగే ముక్కలవుతాయి. నాయుడు అన్న ఒక్క మాటకే మూడు నాలుగు స్పెల్లింగులు కనిపిస్తాయి.

ఊరి పేరు కూడా ఇప్పటిది కొడితే పని జరగదు. శ్రీకాకుళం అప్పట్లో చికకోల్. మీ ఆమదాలవలస స్టేషను పేరు చికకోల్ రోడ్డు. విజయనగరం స్పెల్లింగులో 'జీ' తర్వాతి 'ఏ' ఉండదు. జిల్లా అయితే విజగపటం. శ్రీకాకుళం వేరే జిల్లా అయింది 1950 ఆగస్టు 15న, విజయనగరం 1979 జూన్ 1న. చికకోల్, టెక్కలి, సోంపేట వైపు వాళ్ళు అయితే 1936 ఏప్రిల్ ముందు కాగితాల్లో గంజాం జిల్లా కింద ఉంటారు. మీ తాతయ్య చేరింది 1942 కాబట్టి "విజగపటం జిల్లా, మద్రాసు" అని ఉండే అవకాశం ఎక్కువ. జాబితాలో పేరు పక్కన అదనపు సమాచారం అన్న గడి ఒకటి ఉంటుంది, "ఫలానా వారి కుమారుడు, చికకోల్" అన్నట్టు. కొందరికి అది ఖాళీగానే ఉంటుంది. ఖాళీగా ఉన్నంత మాత్రాన మీ మనిషి కాదని కొట్టిపారేయకండి.

ఇంతా చేసి పేరుతో దొరక్కపోతే పేరు వదిలేసి రోజు పట్టుకోండి. విమానం మీద పోయినవాడు సాధారణంగా ఒంటరిగా పోడు. పక్కనో ముందో వెనకో ఇంకొకరు ఉంటారు. ఆ రెండో మనిషి పేరు గుమాస్తా సరిగానే రాసి ఉండొచ్చు. సంఘం వెబ్‌సైటులో పేరు గడి ఖాళీగా వదిలేసి, దళం దగ్గర వాయుసేన, ఏ దేశం తరఫున పనిచేశారన్న చోట భారత్ పెట్టి, తేదీలు "ఇంతనుంచి ఇంతవరకు" అని ఇవ్వండి. భారత వాయుసేనకి "రాయల్" అన్న బిరుదు వచ్చింది 1945 మార్చిలో. కానీ జాబితాల్లో అంతకుముందు పోయినవారికీ కొన్నిచోట్ల ఆ మాట చేరుస్తారు, కాబట్టి ఆ మాట మీద వడకట్టకండి. వచ్చిన జాబితాని దించుకుని తేదీల వరసలో పేర్చండి. ఒకే తేదీన పోయిన ఇద్దరిని వెతకండి. ఒకరు పైలట్, ఇంకొకరు మీరు గుర్తుపట్టలేని స్పెల్లింగులో ఉన్న తెలుగు పేరైతే దారి దొరికినట్టే.

ఏ తేదీలు ఇవ్వాలి? అమ్మమ్మ చెప్పిన తారణ అంటే 1944 మార్చి నెలాఖరు ఉగాది నుంచి 1945 ఉగాది దాకా. తారణ చైత్ర బహుళ ఏకాదశి 1944 ఏప్రిల్ 18, 19 తేదీల దగ్గర పడుతుంది. పాత పంచాంగంలో ఒకసారి సరిచూసుకోండి. ఇక్కడే చాలా కుటుంబాలు తప్పులో కాలేస్తాయి. ఆ ఏకాదశి ఆయన పోయిన రోజే కానక్కర్లేదు. పోయిన తిథి తెలియనప్పుడు ఆ నెల బహుళ ఏకాదశికో అమావాస్యకో పెట్టుకోమని పురోహితులు చెప్పే పద్ధతి ఉంది. శవం రాలేదు, రోజు తెలీదు, కాబట్టి మీ ఇంట్లోనూ అదే జరిగి ఉండొచ్చు. అలాగైతే ఏకాదశిని నమ్మకండి, నెలని నమ్మండి.

నెల కూడా టెలిగ్రాం వచ్చిన నెల కావచ్చు. విమానం తిరిగి రాకపోతే మొదట "కనిపించడం లేదు" అని తంతి వస్తుంది. సుమారు ఆరు నెలలు ఏ కబురూ లేకపోతే చనిపోయినట్టే భావిస్తున్నామని ఉత్తరం వస్తుంది. జాబితాలో మాత్రం మరణ తేదీగా విమానం పోయిన తేదీనే వేస్తారు. మీ పెద్దవాళ్ళు తంతి చూసి ఏడ్చారా, ఆరు నెలలు ఆశతో ఉండి ఉత్తరం చూసి కర్మ చేశారా అన్నది మనకి తెలీదు. రెండో మాటే నిజమైతే ఆయన పోయింది 1943 శరత్కాలంలో, అప్పటికి ఇంకా స్వభానులో ఉన్నాం. కాబట్టి 1943 సెప్టెంబరు 1 నుంచి 1944 ఏప్రిల్ 30 దాకా వెతకండి. మొదట మార్చి, ఏప్రిల్ చూడండి. అక్కడ లేకపోతే వెనక్కి నడవండి.

అమ్మమ్మని అడిగేటప్పుడు "పెషావరా? చిట్టగాంగా?" అని నోటికి అందించకండి. వయసు మళ్ళినవారు మనం అన్న ఊరినే అవునంటారు. "ఉత్తరాలు ఎక్కడినుంచి వచ్చేవి?", "పెట్టె వచ్చిందా, అందులో ఏముంది?", "ఆ కబురు ఎవరు చదివి చెప్పారు?" అని అడిగి, ఆవిడ అన్నది అన్నట్టు రాసుకోండి. పోయినవారి సామాను ఇంటికి పంపేటప్పుడు జాబితా ఒకటి జతచేసేవారు. దాని మీద యూనిట్ పేరు ఉంటుంది. పాత ఉత్తరాల మీద ఊరి పేరు ఉండదు, సెన్సారు ఒప్పుకోదు. స్క్వాడ్రన్ (విమానాల పటాలం) నంబరూ, ఫీల్డ్ పోస్టాఫీసు నంబరూ ఉంటే అదే చాలు. పతకాలు ఉంటే బయటికి తీసి అంచూ వెనకా చూడండి. బ్రిటన్‌లో ఇచ్చిన ఆ యుద్ధపు పతకాల మీద పేరు ఉండదు గానీ, భారత దళాలకి ఇచ్చినవాటిలో చాలావాటి మీద నంబరూ పేరూ చెక్కి ఉంటాయి. బ్రాసో పెట్టి తోమొద్దు, అక్షరాలు అరిగిపోతాయి.

ఇక ఆ ఫొటో. మీ దగ్గరున్న ఆధారాల్లో బలమైనది అదే. ఎడమ జేబుపైన రెండు రెక్కల బిల్ల ఉంటే పైలట్. ఒకే రెక్క అంటే మిగతా సిబ్బంది. మధ్యలో అక్షరం 'ఎన్' అయితే నావిగేటర్, 'ఓ' అయితే అబ్జర్వర్ అన్న పాత పేరుతో అదే పని, 'ఏజీ' అయితే తుపాకీ మనిషి, 'ఎస్' అయితే వైర్‌లెస్. భుజాల దగ్గర కుట్టిన గద్ద బొమ్మని చూసి పొరబడేవాళ్ళు చాలామంది. అది ఆఫీసరు కాని ప్రతి వాయుసైనికుడికీ ఉండేది, ఎగిరినట్టు గుర్తు కాదు. టోపీ ముందు భాగంలో తెల్లగుడ్డ ముక్క దూర్చి ఉంటే ఫొటో తీసేనాటికి ఇంకా శిక్షణలో ఉన్నాడని అర్థం. రెక్క లేకుండా చేతి మీద ప్రొపెల్లర్ బొమ్మ ఒక్కటే ఉంటే నేలమీద పనిచేసే మెకానిక్ అయ్యుండొచ్చు. అలాంటివారి ఇళ్ళలోనూ కాలం గడిచేకొద్దీ "విమానం నడిపేవాడు" అన్న మాటే మిగులుతుంది. మీ ఫొటోలో రెక్క ఉంది కాబట్టి విమానంలో ఎగిరారన్న మీ ఇంటి మాట నిజమే, పైలట్‌గా మాత్రం కాదు.

ఫొటోని లామినేషన్ చేయించకండి, అద్దానికి అతుక్కుని ఉంటే పీకకండి. పగటి వెలుతురులో ఒకసారి ఎదురుగా, ఒకసారి పక్కనుంచి వెలుతురు ఏటవాలుగా పడేలా ఫోన్‌తో తీయండి. ఏటవాలు వెలుతురులో కుట్టుపని అంచులు లేచి కనబడతాయి, మసక అక్షరం తేలే అవకాశం ఉంది. చెరిగిపోయిన తంతి కాగితానికీ ఇదే పద్ధతి. వెనకవైపు స్టూడియో ముద్ర ఉందేమో తప్పకుండా చూడండి. అంబాలా, పెషావరు, పూనా, లాహోరు, ఏ ఊరిదైనా శిక్షణ దారి చెప్పేస్తుంది. లాహోరు దగ్గర వాల్టన్‌లో మొదటి శిక్షణ, బేగంపేటలోనో జోధ్‌పూర్‌లోనో చిన్న విమానాలు, అంబాలాలో పెద్ద బడి, ఇదీ అప్పటి పైలట్ల బాట. ఒంటిరెక్కవారి దారి కొంత వేరు.

ఒంటిరెక్క, భారత వాయుసేన, 1943-44, బర్మా, బాంబులు. ఈ అయిదూ కలిస్తే మొదట వెతకాల్సిన విమానం వల్టీ వెంజెన్స్. అమెరికాలో చేసిన ఇద్దరు కూర్చునే విమానం, ముందు పైలట్, వెనక నావిగేటరో వైర్‌లెస్-తుపాకీ మనిషో. దాదాపు నిట్టనిలువుగా కిందికి దూకి బాంబు వదులుతుంది. భారత వాయుసేనలో దాన్ని వాడినవి రెండే స్క్వాడ్రన్లు, 7, 8. రెండూ 1942 డిసెంబరు 1న పుట్టాయి. ఎనిమిది తిరుచిరాపల్లిలో, ఏడు మన విశాఖపట్నంలోనే. దాన్ని బట్టి "మనవాళ్ళ స్క్వాడ్రన్" అనుకోకండి, అందులోకి దేశం నలుమూలలనుంచీ వచ్చారు. కానీ "కొన్నాళ్ళు వైజాగులోనే ఉన్నాడు" అని అమ్మమ్మ తనంతట తానుగా అంటే మాత్రం రాసుకోండి. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడిన జ్ఞాపకంతో ఆ మాట కలిసిపోయిందేమో కూడా చూసుకోవాలి.

తేదీ దొరికితే ఈ రెండు స్క్వాడ్రన్లనూ విడదీయడం తేలిక. ఎనిమిదోది 1943 డిసెంబరులో చిట్టగాంగ్ దగ్గర డబుల్ మూరింగ్స్‌కి చేరి బర్మా పడమటి తీరమైన అరకాన్ మీద ఎగిరింది. ఏడోది 1944 మార్చిలో అస్సాంలో సిల్చార్ దగ్గర ఉదర్‌బంద్‌కి వెళ్ళింది. ఇంఫాల్, కోహిమా పోరు నడుస్తున్న రోజులవి. 1944 ఏప్రిల్ అయితే ముందు ఏడో స్క్వాడ్రన్ చూడండి. బ్రిటన్ వాయుసేన అయిన రాయల్ ఎయిర్‌ఫోర్స్ స్క్వాడ్రన్లలో కూడా వెంజెన్స్‌లు, వాటికంటే పెద్దవైన వెల్లింగ్టన్లు, లిబరేటర్లు ఉండేవి. వాటిలో ఎగిరిన భారతీయులు తక్కువ, కానీ లేకపోలేదు. ఏడెనిమిది మంది ఒకే తేదీన, ఒకే చోట కనిపిస్తే లిబరేటర్ అని అనుమానించండి.

ఈలోగా విజయనగరం వెళ్ళి రండి. మహారాజా కాలేజీ ప్రవేశ రిజిస్టరులో 1939-42 మధ్య పేజీలు చూపించమని ప్రిన్సిపాల్ గారికి కాగితం రాసి ఇవ్వండి. అందులో ఇంగ్లీషులో ఆయన పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. ఇంట్లో పాత ఎస్ఎస్ఎల్‌సీ పుస్తకం ఉంటే ఇంకా మంచిది. దళంలో చేరేటప్పుడు చూపించి ఉండేది ఆ కాగితమే, కాబట్టి అందులో ఉన్న స్పెల్లింగే దళం పుస్తకాల్లోకి పోయి ఉంటుంది. సమాధుల సంఘంలో మళ్ళీ వెతికేటప్పుడు అన్నిటికంటే ముందు ఆ స్పెల్లింగు కొట్టండి.

నంబరో తేదీయో చేతికి వచ్చాక ఢిల్లీకి రాయండి. ఆఫీసరు కాని వాయుసైనికుల రికార్డులకు సుబ్రతో పార్కులోని ఎయిర్‌ఫోర్స్ రికార్డ్ ఆఫీసు, ఆఫీసర్లకు వాయుసేన ప్రధాన కార్యాలయం, స్క్వాడ్రన్ దినచర్యల కోసం రక్షణశాఖ చరిత్ర విభాగం. ఒకే ఉత్తరం మూడు చోట్లకీ పంపితే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. మూడు వేరువేరు ఉత్తరాలు రాయండి, ఒక్కో ఉత్తరంలో ఒక్కటే అడగండి. రికార్డ్ ఆఫీసుని సర్వీసు నంబరు, పని, చివరి యూనిట్ అడగండి. చరిత్ర విభాగాన్ని ఫలానా స్క్వాడ్రన్, ఫలానా తేదీకి మూడు రోజులు ముందూ మూడు రోజులు తర్వాతా ఉన్న పేజీలు అడగండి. "మా తాతయ్య వివరాలన్నీ ఇవ్వగలరు" అని రాస్తే ఏమీ రాదు. బంధుత్వం చూపే కాగితం, ఫొటో నకలు జతచేయండి. నెలన్నరలో కదలిక లేకపోతే సమాచార హక్కు ఆన్‌లైన్ పోర్టల్లో అదే ప్రశ్న వేయండి. జవాబుకి ముప్ఫై రోజుల గడువు, రాకపోతే మొదటి అప్పీలు. ఎనభై ఏళ్ళ కిందట పోయిన మనిషిదైనా వ్యక్తిగత సమాచారం అని తిరస్కరిస్తే అప్పీల్లో బంధుత్వం కాగితం మళ్ళీ పెట్టండి.

రాయల్ ఎయిర్‌ఫోర్స్ స్క్వాడ్రన్ అని తేలితే దారి లండన్ జాతీయ అభిలేఖాగారానికి. అక్కడ 'ఎయిర్ 27' అన్న వరుసలో స్క్వాడ్రన్ల దినచర్య పుస్తకాలు ఉన్నాయి. వాటిలో రెండు రకాల పత్రాలు: 540 అన్నది రోజువారీ కథనం, 541 అన్నది ఏ విమానం, ఎవరెవరు, ఎన్నింటికి లేచింది, ఎన్నింటికి దిగింది అన్న పట్టిక. 541లో దిగిన సమయం దగ్గర ఖాళీ ఉంటే గుండె కలుక్కుమంటుంది గానీ, మీకు కావలసింది ఆ పక్కనే ఉంటుంది: రెండు అక్షరాలు, మూడు అంకెల విమానం నంబరు. అది రాసుకోండి, ప్రమాద కాగితాలన్నీ దాని మీదే నడుస్తాయి. 540 పేజీ కూడా వదలకండి. వెంజెన్స్‌లు ఆరేసి, పన్నెండేసి గుంపుగా వెళ్ళేవి కాబట్టి ఫలానా విమానం ఎక్కడ పడిందో పక్క విమానంవాళ్ళు చూసి చెప్పిన మాట ఉంటే అక్కడే ఉంటుంది. ఒకవేళ యూరప్‌లో బాంబర్ కమాండ్‌లో (రాయల్ ఎయిర్‌ఫోర్స్ బాంబర్ల విభాగం) పోయారని తేలితే ఇంగ్లండ్ లింకన్‌లోని అంతర్జాతీయ బాంబర్ కమాండ్ కేంద్రం వారి జాబితా చూడండి; మీ విషయంలో అది అవసరం పడకపోవచ్చు.

"ఎక్కడ పోయారు" అన్నారు కదా. జాబితాలో ఉన్న చోటు పేరుని సరిగ్గా చదవాలి. సింగపూర్ స్మారకం అని ఉంటే ఆయన సింగపూర్‌లో పోయారని కాదు. ఆసియాలో ఎగిరి, శరీరం దొరకని వాయుసైనికుల పేర్లు క్రాంజిలో ఉన్న ఆ స్మారకం స్తంభాల మీద చెక్కారు. కాలమ్ నంబరు ఇస్తారు. ర్యాంకు మారితే స్తంభం మారవచ్చు, కాబట్టి పైలట్ ఒక చోటా మీ తాతయ్య ఇంకో చోటా ఉంటే కంగారుపడకండి. ఇంఫాల్ దహన స్మారకం అని ఉంటే మాత్రం శరీరం దొరికింది, హిందూ పద్ధతిలో దహనం చేశారు అని అర్థం. సమాధి లేదు అన్నమాటని "దొరకలేదు" అని తీసుకోవద్దనేది ఇందుకే. ఢిల్లీ, కరాచీ స్మారకాల పేరుంటే ఎక్కువగా యుద్ధరంగానికి దూరంగా, దేశంలో పోయినవారు. అంటే శిక్షణలో జరిగిన ప్రమాదం కావచ్చు. అలా తేలితే బర్మా కథని పక్కన పెట్టి, అంబాలా, పెషావరు వైపు కాగితాలు వెతకాల్సి ఉంటుంది. అమ్మమ్మకి చెప్పే ముందు ఈ తేడా మీరు చూసుకోండి.

పేరు తప్పుగా చెక్కి ఉంటే సవరించమని సంఘానికి రాయొచ్చు, కాలేజీ రిజిస్టరు నకలు దానికి పనికొస్తుంది. అసలు పేరే లేకపోతే సర్వీసులో ఉన్నట్టూ, సర్వీసులో ఉండగానే పోయినట్టూ రుజువులు జతచేసి కొత్తగా చేర్చమని అడగొచ్చు. అది నెలల పని.

ముందు ఫొటో రెండువైపులా తీసి, ఆ మసక అక్షరం దగ్గర పెద్దది చేసి మాకు పంపండి. అది 'ఎన్' అనో 'ఏజీ' అనో తేలితే తేదీల జాబితాలో సగం పేర్లు అక్కడికక్కడే కొట్టేయొచ్చు.